గంప కింద కోడి

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తర్వాత నేను రాసిందల్లా బరకాల మీద సుద్దముక్కతో కొలతలే. మాట్లాడటం కూడా నాకు పెద్దగా చేతకాదు. నలుగురిలో నోరు తెరవాలంటే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. "దీని నోట్లో ముత్యాలున్నాయి కాబోలు, రాలిపోతాయని భయం" అంటుంది మా అత్త. అయినా కొందరికి చెప్పుకోవాల్సిన మంచిమాట ఒకటి నా లోపల అలాగే ఉండిపోయింది. నోటితో కాదు కాబట్టి చేత్తో చెబుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మాది చిల్లులు కుట్టే ఇల్లు. పడవల మీద కప్పేవి, లారీల మీద కప్పేవి, ఉప్పుకుప్పల మీద కప్పేవి, చినిగిన టార్పాలిన్ బరకం ఏదైనా మా దగ్గరికే వస్తుంది. మా ఆయన మిషను మీద కుడతాడు, మిషను పట్టని చోట పెద్ద సూదితో కుడతాడు. నేను చిరుగులు వెతికి గుర్తులు పెట్టి, మాసికలకి గుడ్డ కత్తిరిస్తాను. అంచులకి ఇనప రింగులు కొట్టడానికి ఒకాయన ఉన్నాడు, ఎక్కడో కొండల పక్క పొలాలున్న ఊరి మనిషి. అందరూ రింగులాయన అంటారు. తాళ్ళు పేనడానికి తాళ్ళక్క ఉంది. ఆమె పుట్టి పెరిగిందంతా పడవల్లోనే. ఇక మా అత్త. ఎవరి పనిలో ఏం తప్పుందా అని చూడటం ఆమె పని. అది అన్నిటికన్నా కష్టమైన పని అంటుంది.

పనంతా ఇంటి వెనక పెరట్లో. పెరడు మీద ఎండ పడకుండా పాత తెరచాప గుడ్డ ఒకటి కట్టి ఉంటుంది. మా మామగారి కాలం నాటిది. దానికి లెక్కలేనన్ని చిల్లులు. పగలు ఆ చిల్లుల్లోంచి వెలుగు కింద పడితే నేలంతా చుక్కలు. అవి ఉత్త చుక్కలు కావు, ఆకాశంలోవే. సూర్యుడి వెలుగుకి పగలు పైన కనపడకుండా పోయేవి మా పెరట్లో కనపడతాయి. నడుమ ఉన్న పెద్ద చిల్లులోంచి పళ్ళెమంత వెలుగు పడుతుంది, అది సూర్యుడు. చిల్లులు కదలకపోయినా చుక్కలన్నీ ఏడాది పొడవునా ఆ పళ్ళెం పక్కనుంచి ఒక్కొక్కటిగా నడిచిపోతుంటాయి. నేను కాపురానికి వచ్చిన రోజున మా అత్త చీపురు చేతికిచ్చి, "చుక్కల మీద గట్టిగా ఊడవకు, దుమ్ము లేస్తే మసకబారతాయి" అని మాత్రం చెప్పింది. సరేనన్నాను.

మధ్యాహ్నం అన్నాలప్పుడు చుక్కల మధ్య ఖాళీ చూసుకుని కూర్చుంటాం. ఒకరోజు రింగులాయన తన గిన్నె పక్కనున్న ఏడు చుక్కల్ని చూసి, "నాగలి ఇవాళ నా వైపు తిరిగిందే" అన్నాడు.

"నాగలేంటి, గరిటె అది" అంది తాళ్ళక్క. "నాలుగు చుక్కలు గిన్నె, మూడు చుక్కలు కాడ. కళ్ళు పెట్టుకుని చూడు."

"నీకెప్పుడూ తిండి గోలే."

"మరి నువ్వు నాగలితో దున్నేది దేనికి, ఆటకా?"

మా అత్త ఇద్దర్నీ కసిరింది. "అది ముసలమ్మ మంచం. నాలుగు కాళ్ళు, వెనకాల ముగ్గురు దొంగలు. మంచం ఎత్తుకుపోదామని ఎప్పటినుంచో తిరుగుతున్నారు పాపం. ముసలమ్మ నిద్రపోతేగా."

"మరి ఎవరిది నిజం అత్తా?" అన్నాను. వాళ్ళ దగ్గర నాకు కాస్త మాట వస్తుంది.

"అందరిదీను. తొలికాలం మనుషులకి గడియారాలా, క్యాలెండర్లా? చీకటి పడితే పైకి చూడటం తప్ప పనేముంది? ఎవరికేం కావాలో వాళ్ళు అది వెతుక్కున్నారు. దున్నేవాడికి నాగలి దొరికింది. ఆకలేసినవాడికి గరిటె దొరికింది. నడుం నొప్పితో నిద్రపట్టని దానికి మంచం దొరికింది. దొరికాక ఊరుకున్నారా? రోజూ చూశారు. ఏది వస్తే ఎండలు, ఏది పోతే చలి, అన్నీ గుర్తుపెట్టుకుని పిల్లలకి చెప్పారు. నాకు మా అమ్మమ్మ చెప్పింది, ఆమెకి ఆమె అమ్మమ్మ. అట్లా వెనక్కి పోతే ఎక్కడో మొట్టమొదటి ముసలిది ఒకతి ఉంటుంది. మెడ నొప్పెట్టినా తల దించకుండా చూసిన మనిషి. నేను ముద్ద నోట్లో పెట్టుకునే ముందు దాన్నే తలుచుకుంటాను."

"నేను మిమ్మల్ని తలుచుకుంటాను పెద్దమ్మా" అన్నాడు రింగులాయన.

"అందుకేనా నాకు రోజూ ఎక్కిళ్ళు" అంది మా అత్త.

అన్నిట్లోకీ మాకు ముఖ్యమైంది కోడి. ఏడు చిన్న చుక్కల గుంపు, అరచేతిలో పట్టేంత. తల్లికోడి ఒకటి, పిల్లలు ఆరు. ఎండాకాలం ముదిరేసరికి అది నడుచుకుంటూ వచ్చి సూర్యుడి పళ్ళెంలో దూరుతుంది. కోడి గంప కిందకి పోయింది అంటాం. అప్పుడది ఆకాశంలో ఎవరికీ కనపడదు. కొన్నాళ్ళకి పళ్ళెం రెండో పక్కనుంచి బయటికొస్తుంది. వచ్చిన తెల్లవారుజామునే సముద్రం మీద పొడుస్తుంది, దాని వెనకే తొలివాన. కోడి వానని పిలుచుకొస్తుందా, వాన వస్తోందని కోడికి తెలుస్తుందా అని అడిగితే, "కోడినే అడుగు" అంటుంది మా అత్త.

ఊరందరికీ కనపడని ఆ రోజుల్లోనూ మా నేల మీద కోడి, వెలుగులో వెలుగులా, లేతగా తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో ఉప్పుమడుల వాళ్ళు పనికి పోతూ పోతూ మా గుమ్మంలో ఆగి, "కోడి ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగి పోతారు.

మా ఆడపడుచుది కూడా ఉప్పుమడుల పనే. ఉప్పమ్మాయి అంటారు. మొగుడు పోయాక పుట్టింటికి రమ్మంటే రాలేదు. మడులు కౌలుకి తీసుకుని ఒక్కతే చేసుకుంటోంది. నేను చెప్పబోయే ఏడాదికి ముందటి ఏడాది గాలికి బరకాలు చినిగిపోయి, తొలివానకే ఉప్పంతా కరిగిపోయింది. ఈసారి కూడా ఒక్క గింజ చూపించలేకపోతే మడులు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు. అప్పుడిక మా ఇంటికి రావడం తప్ప దారి లేదు. మా ఇంట్లో ఆమెకి చోటు ఉంది, ముద్ద ఉంది. అయినా తన పొయ్యి తను వెలిగించుకున్న మనిషికి ఇంకొకరి పొయ్యి ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియనిదా.

ఆ ఏడాది ఉప్పు బాగా పండింది. మడుల గట్టున తెల్లగా కుప్పలు లేచాయి. కొనేవాళ్ళ లారీలు మాత్రం ముందు పెద్ద పెద్ద మడుల వాళ్ళ దగ్గరికే పోతున్నాయి. ఉప్పమ్మాయి తన రెండు పాత బరకాలూ నెత్తిన పెట్టుకుని కుట్టించుకోవడానికి వచ్చింది. అవి రెండూ కలిపినా కుప్పల్లో సగానికి చాలవు.

"అమ్మా, కోడి?" అంది, బరకాలు కింద పడేసి.

మా అత్త పళ్ళెం పక్కన గొంతుక్కూచుని చూసింది. "ముక్కు బయటపెట్టింది పిల్లా. నేడో రేపో."

"లారీ ఇంకో వారం అంటున్నారు."

మా అత్త మర్నాడు నన్ను వెంటబెట్టుకుని, కుప్పలు దగ్గరికి లాగి బరకాలకి కాస్త పట్టేట్టు చేద్దామని మడుల దగ్గరికి బయల్దేరింది. మేం గుమ్మం దాటుతుంటే పడవాయన తన బరకం సంగతి కనుక్కోవడానికి వచ్చాడు. పైకి చూసి నవ్వాడు.

"ఊరందరి చిల్లులూ మూస్తావు, నీ నెత్తిన జల్లెడ పెట్టుకున్నావేంటి బావా? వానొస్తే మిషను తడవదూ?"

మా ఆయన మాట తక్కువ మనిషి. పెళ్ళైన కొత్తలో మేమిద్దరం రోజంతా ఒక్క మాటా మాట్లాడుకోకపోతే, అలిగామనుకుని మా అత్త మధ్యలో కూర్చుని రాజీ కుదిర్చింది. ఆ రోజూ అంతే, మాట లేదు. కానీ చెవులు ఎర్రబడటం నేను చూశాను.

మేం అటు పోగానే ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. కుట్టేవాడి చెయ్యి ముందు దేని మీదకి పోతుందో చెప్పనా? ఏడు చిల్లులు, అరచేయంత చోట. ఒక్క ముక్క వేస్తే ఏడూ పోతాయి. పైనుంచి చూస్తే అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కిందనుంచి పుట్టినప్పటినుంచీ చూస్తున్న కోడిని పైనుంచి ఆయన పోల్చుకోలేదు. కుట్టు మీద కుట్టు వేసి దిగాడు.

మేం తిరిగొచ్చేసరికి మిషను దగ్గర తల దించుకుని పని చేసుకుంటున్నాడు. మా అత్త కాళ్ళు కూడా కడుక్కోకుండా పళ్ళెం దగ్గరికి పోయింది. వంగింది. అరచెయ్యి నేల మీద అటూ ఇటూ ఆడించింది, పోయిన సూదిని వెతికినట్టు.

"ఏరా, నా కోడేది?"

ఆయన పైకి చూశాడు, కిందకి చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకి. "మాసిక వేశానమ్మా" అన్నాడు.

"కోడిని గంపకేసి కుట్టేశావు కదరా."

ఆయన విప్పేద్దామని మళ్ళీ నిచ్చెన అందుకున్నాడు. ఆపాటికి మా వెనకాలే వచ్చిన ఉప్పమ్మాయి గుమ్మంలో నుంచుని అంతా వింది. "ఆగన్నయ్యా" అంది. "కోడి రాకపోతే వాన రాదుగా. లారీ వచ్చేదాకా ఉండనీ. అంతే. నేనెప్పుడైనా ఏమైనా అడిగానా?"

నిజమే, ఎప్పుడూ అడగలేదు. మా అత్త కూతురి మొహం చూసింది, కొడుకు చేతిలో నిచ్చెన చూసింది. "లారీ వచ్చేదాకా" అంది.

రావాల్సిన వాన ఆగింది. మబ్బులైతే వచ్చాయి. వచ్చి, పిలుపు అందని చుట్టాల్లా సముద్రం అంచునే నిలబడిపోయాయి. ఊళ్ళో అందరికీ తెలిసింది. "మీ ఇంట్లో కోడిని కుట్టేశారటగా" అని, దగ్గు తగ్గిందా అని అడిగినట్టు అడిగి పోయేవాళ్ళు. ఉప్పు వాళ్ళు రెండు చేతులూ జోడించేవాళ్ళు. నీళ్ళు అడుగంటిన మంచినీళ్ళ బావి దగ్గర ఆడవాళ్ళు మాత్రం నన్ను చూసి చేద ఇంకొంచెం గట్టిగా రాయికేసి కొట్టేవాళ్ళు. లారీ రేపంటే రేపంటున్నారు.

ఒక మధ్యాహ్నం రింగులాయనకి ఇంటి నుంచి ఫోను వచ్చింది. చాలాసేపు విన్నాడు. "ఊఁ" అని పెట్టేశాడు.

"ఏమంటోంది మీ ఆవిడ?" అంది తాళ్ళక్క.

"ఏముంది, నారు పసుపెక్కిందట."

అంతే అన్నాడు. మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు. కానీ ఆయన కొట్టిన రింగు వంకరపోయింది. ఇంకోటి కొట్టాడు, అదీ వంకరే. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో రింగు వంకరపోవడం నేను చూడలేదు. తన బరకాల కోసం వచ్చి పక్కనే కూర్చున్న ఉప్పమ్మాయి కూడా చూసింది.

"అన్నా, మరి విప్పమని మా అన్నయ్యని అడగవేం?"

ఆయన రింగుని వేళ్ళతో సరిచేస్తూ అన్నాడు, "ఉన్నది ఒక్క వాన తల్లీ. నాకిమ్మంటే నీ ఉప్పు ఊడ్చుకుపొమ్మన్నట్టే. ఏ నోటితో అడగను?"

ఉప్పమ్మాయి నేల మీద చుక్కలు లేని ఆ చోటు చూసింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"విప్పెయ్ అన్నయ్యా."

"ఉప్పో?" అంది మా అత్త.

"కరిగితే కరిగింది. వచ్చి వదిన చేతి అన్నం తింటాను." నా వైపు చూసి నవ్వింది. "కూరలో ఉప్పు తక్కువైతే మాత్రం ఊరుకోను, ముందే చెబుతున్నా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అటు చూస్తే మూలన మేం కుట్టి మడతలు పెట్టిన బరకాలు గోడ ఎత్తున ఉన్నాయి. పడవలవీ, లారీలవీ. అవన్నీ పరిస్తే ఉప్పంతా కప్పొచ్చు. అయితే అవి మావి కావు, అడక్కుండా ముట్టుకోకూడదు. అడగడానికి మా ఆయనకి మాట లేదు, మా అత్తకి ఊరంతా ఇల్లిల్లూ తిరిగే కాళ్ళు లేవు. నేను చెప్పులు వేసుకున్నాను.

ముందు పడవాయన ఇంటికి పోయాను. గుమ్మంలో నుంచున్నాను. నాలుక సంగతి ముందే చెప్పాను కదా. ఆయన బయటికొచ్చి, "ఏంటమ్మా, నా బరకం అయిపోయిందా?" అన్నాడు.

తల ఊపాను.

"తీసుకుపొమ్మంటావా?"

అడ్డంగా ఊపాను.

"మరి?"

"కోడి" అన్నాను. ఇంకాసేపటికి, "ఉప్పు" అన్నాను.

ఆయన నన్నూ, సముద్రం మీద మబ్బుల్నీ చూశాడు. "ఉప్పమ్మాయి కుప్పల మీదకా?"

గట్టిగా తల ఊపాను.

"ఈ మాత్రానికి ఇంత ప్రసంగం ఎందుకమ్మా" అన్నాడు. నన్ను ఇంటికి పొమ్మని, వీధిలోకి వచ్చి కేకేశాడు. పడవల వాళ్ళ గొంతు అలల్ని దాటి పోవాల్సిన గొంతు. మా పెరట్లోకొచ్చి ఎవరి బరకం వాళ్ళు భుజాన వేసుకుని మడుల వైపు నడిచారు. లారీ డ్రైవర్లూ వచ్చారు. ఆఖరికి బావి దగ్గరి ఆడవాళ్ళు కూడా, "వాన పడితే మాకే మేలు" అంటూ తలో కొస పట్టుకున్నారు. తాళ్ళక్క తాళ్ళు కట్టింది, రింగులాయన మేకులు దిగ్గొట్టాడు. పొద్దు వాలేసరికి కుప్పలన్నిటి మీదా నీలం, పచ్చ, పసుపు. ఎక్కడ చెయ్యి పెట్టినా మా ఆయన కుట్టే తగిలింది నాకు.

ఇంటికొచ్చి ఆయన నిచ్చెన ఎక్కాడు. తను వేసిన కుట్టు విప్పడం ఆయనకి అదే మొదలు. కుట్టు లొంగలేదు. కింద నిచ్చెన పట్టుకున్న మా అత్త, "ఇంత గట్టిగా ఎవడు కుట్టమన్నాడురా" అని గొణిగింది.

"నువ్వే నేర్పావు" అన్నాడు పైనుంచి.

దారం దారం లాగి మాసిక ఊడదీసేసరికి పడమటి వెలుగు ఇంకా కొంచెం ఉంది. నేల మీద చుక్కలు పడ్డాయి. వంగి లెక్కపెట్టాను. ఆరే ఉన్నాయి. ఒక పిల్ల దగ్గర కుట్టు మరీ బిగుసుకుపోయి గుడ్డ పోగులతో కలిసిపోయింది. లాగితే మొత్తం చినిగేట్టుంది. ఆయన చేతులు ఆపేసి కిందకి చూశాడు.

"దిగు" అంది మా అత్త. "ఏ ఊరివాణ్ణి అడిగినా కోడీ పిల్లలూ ఏడంటాడు, లెక్కపెడితే ఆరే ఉంటాయని మా అమ్మమ్మ అనేది. ఎందుకో నాకిప్పుడు తెలిసింది. ప్రతి ఊళ్ళోనూ నీలాంటోడు ఒకడు ఉండి ఉంటాడు."

తెల్లవారకముందే సముద్రం మీద కోడి పొడవడం చూశానని తాళ్ళక్క చెప్పింది. ఆ కాసేపే కనిపించిందట. వెంటనే మబ్బు కమ్మేసి వాన దిగింది.

నేను లేచేసరికి ఇంకా పడుతూనే ఉంది. రింగులాయన ఇంటికి ఫోను చేసి, అక్కడ కూడా పడుతోందని విని, ఫోను చెవికి అలాగే పెట్టుకుని ఆ చప్పుడు వింటున్నాడు. ఉప్పమ్మాయి నిలువునా తడిసి వచ్చింది, పిడికిలి బిగించి. మా ముందు తెరిచింది. పొడి ఉప్పు, గలగలమంటూ.

"ఆసామి వచ్చాడమ్మా, గొడుగేసుకుని. బరకం కింద చెయ్యి పెట్టి చూశాడు. వచ్చే ఏడు గట్లు ముందుగా వేసుకో అని పోయాడు."

"అంటే మడులు నీకేనా?" అంది మా అత్త.

"నాకే."

మా ఆయన మిషను మీద గుడ్డ కప్పుతున్నవాడల్లా ఆగి, చెల్లెలి తల మీద చెయ్యి వేసి తీశాడు. నాకు అందరికీ ఏదో చెప్పాలనిపించింది. చుక్కల్ని మొదట చూసిన ఆ ముసలామె నుంచి పడవాయన దాకా. నోరు తెరిచాను, మామూలే, ఏమీ రాలేదు. లోపలికెళ్ళి ఏడు గిన్నెలు తెచ్చాను. కోడి చిల్లుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కోదాని కింద ఒక్కో గిన్నె పెట్టాను. ఏడో గిన్నె ఏమీ కారని చోట పెట్టాను. ఎవరూ ఎందుకని అడగలేదు. మా అత్త కాలు పక్కకి తీసి దానికి చోటిచ్చింది.

గిన్నెలు నిండుతుంటే కూర్చుని చూశాను. చాలాసేపటికి ఏడోదాంట్లో కూడా టప్పున ఒక బొట్టు పడింది. ఏడింటి నీళ్ళూ ఒక పెద్ద గిన్నెలో పోసి టీ పెట్టాను. మొదటి గ్లాసు రింగులాయనకి, రెండోది మా అత్తకి, తర్వాత అందరికీ ఇచ్చి, నాదీ తీసుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.

"తాగండి" అన్నాను. వాన చప్పుడులో కూడా అందరికీ వినపడింది.